సుల్కటా తాబేలుకు పెల్లెట్లా, గరికా?

విజయవాడలోనో గుంటూరులోనో పెట్ షాపు నుంచి నేల తాబేలును తెచ్చుకున్న ఇంట్లో మొదటి తగవు తిండి దగ్గరే మొదలవుతుంది. పెల్లెట్లు, అంటే డబ్బాల్లో దొరికే ఎండు గుళికల తిండి పోస్తే చాలని ఒకరంటే, ఆకుకూరలే పెట్టాలని ఇంకొకరంటారు. గరికకు సాటి వచ్చే పెల్లెట్ లేదు. కానీ కీరా, టమాటా, క్యాబేజీ తరిగి పెట్టిన పళ్లెం కంటే మంచి పెల్లెట్ ఎన్నో రెట్లు మేలు. సహజ ఆహారం పేరుతో చాలా ఇళ్లలో పెడుతున్నది ఈ కూరగాయల పళ్లేన్నే, చిక్కంతా అక్కడే.

ఇక్కడ చెప్పేది సుల్కటా అనే జాతి నేల తాబేలుకు. గడ్డి తినే లెపర్డ్ తాబేలుకూ చాలావరకు సరిపోతుంది. రెడ్‌ఫుట్‌కు పండ్లు, అప్పుడప్పుడు కాస్త మాంసకృత్తులు కావాలి కాబట్టి దాని లెక్క వేరు. నక్షత్ర తాబేలు మాత్రం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జంతువు. దాన్ని ఇంట్లో ఉంచుకోవడమే నేరం, ఎక్కడైనా కనిపిస్తే అటవీ శాఖకు అప్పగించాలి. సుల్కటా విదేశీ జాతి, దాన్ని కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి.

గడ్డి, ఆకులు

సుల్కటా సహారా ఎడారి దక్షిణపు అంచున, ఎండు గడ్డి నేలల్లో పుట్టిన జీవి. దాని పేగుల్లోని సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి శక్తిగా మారుస్తాయి. పీచు తగ్గి పిండిపదార్థం, చక్కెర పెరిగితే ఆ సూక్ష్మజీవుల పొందిక చెడి విరేచనాలు పట్టుకుంటాయి. అందుకే రోజూ పెట్టే మేతలో నాలుగింట మూడు వంతులు గడ్డే ఉండాలి. రోజుకు పెట్టే మేత కుప్ప దాని డిప్పంత ఉంటే సరిపోతుంది.

మన ప్రాంతంలో గరికను మించింది లేదు. వినాయక చవితికి తెచ్చే ఆ గరికే. రెండు మూడు వెడల్పాటి తొట్లలో తీగ ముక్కలు నాటి డాబా మీద పెంచుకోవచ్చు. ఒక తొట్టి కోసేసరికి ఇంకొకటి అందివస్తుంది. పిల్ల తాబేలుకు సెంటీమీటరు ముక్కలుగా తరగాలి, పెద్దదానికి కొయ్యకుండానే పెట్టొచ్చు. పాడి రైతుల దగ్గర దొరికే సూపర్ నేపియర్ పశుగ్రాసం కూడా పనికొస్తుంది కానీ అందులో కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వని ఆక్సలేట్లు ఉంటాయి కాబట్టి అదొక్కటే పెట్టకూడదు. లేత జొన్న చొప్ప జోలికి అసలు పోవద్దు. నీటి ఎద్దడికి గురైన లేత జొన్నలో సయనైడ్ విషం తయారవుతుందని పశువుల రైతులందరికీ తెలిసిందే.

మిగిలిన పావు వంతులో మందార ఆకులు, పూలు, మల్బరీ ఆకు, గడ్డిచామంతి, నాగజెముడు రెబ్బలు మారుస్తూ పెట్టండి. నాగజెముడు ముళ్లను, వాటి మొదట్లో ఉండే సన్న నూగును గ్యాస్ మంట మీద కాల్చి, పీచుతో రుద్ది కడగాలి. మునగాకులో కాల్షియం దండిగా ఉంటుంది, మాంసకృత్తులూ ఎక్కువే కాబట్టి వారానికి ఒకసారి గుప్పెడు చాలు. పాలకూర, తోటకూర, గంగవాయిలి, గోంగూరల్లోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. గుంటూరు ఇంట్లో గోంగూర లేని వారం ఉండదు గానీ, తాబేలు వాటా కూడా మీరే తినేయండి. అరటి, మామిడి, పుచ్చకాయ, అన్నం, రొట్టె, కుక్కల తిండి వద్దు.

గడ్డి ఎక్కడిదన్నది ఏ గడ్డి అన్నంత ముఖ్యం. మిర్చి, పత్తి చేల గట్ల మీది గడ్డికి పురుగుమందు తగలకుండా ఉండదు. విజయవాడ కాలువ గట్ల మీద ఎంత పచ్చగా కనిపించినా మురుగు, రోడ్డు దుమ్ము ఉంటాయి. నర్సరీ నుంచి తెచ్చిన మందారకు మొక్కంతా పాకే మందు వేసి ఉండొచ్చు. కనీసం రెండు నెలలు ఆగి, ఆ తర్వాత వచ్చిన కొత్త ఆకులే కోయండి. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు, ఆముదం, లాంటానా, వయ్యారిభామ దానికి అందే చోట ఉండకూడదు.

పెల్లెట్లు ఎంచుకోవడం, పెట్టడం

షాపులో చౌకగా దొరికే చిన్న డబ్బా, నీళ్ల మీద తేలే ఎర్ర, ఆకుపచ్చ పుల్లలు నీటి తాబేళ్లవి. వాటిలో చేపపొడి ముఖ్య సరుకు, మాంసకృత్తులు 30 శాతం పైనే ఉంటాయి. సుల్కటాకు అవి నెలల తరబడి పెడితే మూత్రపిండాల మీద భారం పడుతుంది. కొనేముందు డబ్బా వెనక చూడండి. క్రూడ్ ప్రొటీన్ (మాంసకృత్తులు) 15 శాతం దాటకూడదు. క్రూడ్ ఫైబర్ (పీచు) 18 శాతమో, అంతకంటే ఎక్కువో ఉండాలి. కాల్షియం ఫాస్ఫరస్‌కు రెట్టింపు ఉండాలి. సరుకుల పట్టికలో మొదటి పేర్లు గడ్డివో, పొట్టువో అయితే కొనొచ్చు. మొక్కజొన్న, గోధుమపిండి ముందుంటే కొనకుండా అక్కడే వదిలేయండి.

వారానికి రెండుసార్లు, ఒక్కోసారి శరీర బరువులో సుమారు ఒక శాతం ఎండు పెల్లెట్లు చాలు. అంటే అర కిలో తాబేలుకు 5 గ్రాములు. వంటింటి డిజిటల్ త్రాసు వాడండి, చెంచా లెక్క నమ్మొద్దు. అంతే పరిమాణం నీళ్లు పోసి పది నిమిషాలు నాననిచ్చి, చిదిమి, తరిగిన గరికలో కలపండి. పొడిగా పెడితే కడుపులో ఉబ్బి, ఒంట్లోని నీటిని లాగేస్తాయి. 100 గ్రాముల లోపు పిల్లలు ముదురు గడ్డి నమలలేవు కాబట్టి వాటికి వారానికి మూడుసార్లు పెట్టినా తప్పులేదు. నానిన పెల్లెట్లు మన ఎండల్లో గంటకే పులుస్తాయి, మిగిలింది తీసేయాలి. డబ్బా మూత బిగించి, తెరిచిన తేదీ రాసి, మూడు నెలల్లో వాడేయండి. వానాకాలపు తేమకు బూజు వాసన ఏ మాత్రం వచ్చినా పారేయడమే, ఎండబెట్టి మళ్లీ వాడకూడదు.

పెల్లెట్లలో విటమిన్ డి3 ముందే కలిసి ఉంటుంది. పైన మళ్లీ డి3 ఉన్న కాల్షియం పొడి చల్లితే అది మోతాదు మించి, మెత్తని అవయవాల్లో కాల్షియం పేరుకుపోతుంది. రోజూ నేరుగా ఎండ తగిలే తాబేలుకు ఒట్టి కాల్షియం కార్బోనేటే చాలు. కోడిగుడ్డు పెంకులు ఉడికించి, ఆరబెట్టి, మెత్తగా దంచిన పొడి వారానికి రెండుసార్లు చిటికెడు చల్లండి. కిళ్లీ సున్నం మాత్రం వాడకండి, నోరు కాలుతుంది. మందుల షాపు కాల్షియం మాత్రల్లో చాలావాటిలో డి3 ఉంటుంది.

పెల్లెట్లకు అలవాటుపడ్డ తాబేలును మార్చడం

పెల్లెట్లు తప్ప ఏదీ ముట్టని తాబేలుకు ఉన్నట్టుండి గడ్డి వేస్తే అలుగుతుంది. నాలుగు వారాలు తీసుకోండి. మొదటి వారం నానబెట్టిన పెల్లెట్లలో పావు వంతు సన్నగా తరిగిన తడి గరిక కలపండి. రెండో వారం సగం, మూడో వారం ముప్పావు. నాలుగో వారం గడ్డి మీద పెల్లెట్ నీళ్లు చిలకరించి, పైన ఒకటి రెండు మందార పూలు పెట్టండి. గరికను ఏరేసి పెల్లెట్లే తింటుంటే తరుగు ఇంకా సన్నం చేయాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద తాబేలు కొద్ది రోజులు తినకపోయినా కంగారు అక్కర్లేదు. పిల్ల తాబేలు రెండు రోజులు ముట్టకపోతే పాత మిశ్రమానికి వెనక్కి వెళ్లండి.

డిప్ప మీద గుట్టలు లేస్తే నెపం పెల్లెట్ల మీదికి పోతుంది. 2003లో సుల్కటా పిల్లలపై జరిగిన పరిశోధనలో మాంసకృత్తుల కంటే గాలిలో తేమ తక్కువ కావడమే దానికి పెద్ద కారణమని తేలింది. ఏసీ గదిలో పెంచే పిల్లకు ఎంత మంచి మేత పెట్టినా డిప్ప నున్నగా రాదు. పిల్లలను రోజూ పావుగంట గోరువెచ్చని నీళ్లలో కూర్చోబెట్టాలి, లోతు గడ్డం కిందివరకే. పెద్దవాటికి వారానికి ఒకటి రెండుసార్లు చాలు. మూత్రంలో వచ్చే తెల్లని ముద్ద మెత్తగా ఉంటే మామూలే. ఇసుకలా గరగరలాడితే నీళ్లు చాలడం లేదని అర్థం. దాన్ని వదిలేస్తే మూత్రాశయంలో రాయి కడుతుంది. విరేచనం వదులుగా మారితే వారం పాటు పెల్లెట్లు ఆపి గరికే పెట్టండి. అయినా తగ్గకపోతే తాజా రెట్టను చిన్న డబ్బాలో పట్టుకుని పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లి పురుగుల పరీక్ష చేయించాలి.

ఏప్రిల్ నుంచి రోహిణి కార్తె దాటేదాకా ఉదయం ఏడులోపే మేత వేయండి. ఎండ ముదిరాక నీడలో నక్కి కూర్చుంటుంది, తినదు. ఆ నెలల్లో నీళ్లందక గరిక ఎండిపోతే పెల్లెట్లను వారానికి మూడుసార్లకు పెంచి, వానాకాలంలో కోసి నీడన ఆరబెట్టి గోనె సంచిలో దాచిన ఎండు గరికను నీళ్లతో తడిపి దాంతో కలపండి. డిసెంబరు, జనవరిలో సాయంత్రం మేత వద్దు. రాత్రి చలికి ఒళ్లు చల్లబడి, తిన్నది అరగకుండా కడుపులోనే ఉండిపోతుంది.