లెగో ఇటుకలు మొరాయిస్తే: బెజవాడ ఇంట్లో ఎదురయ్యే చిక్కులు, వాటికి విరుగుడు

లెగో అంటే ఒకదానిపై ఒకటి నొక్కి బిగించే ప్లాస్టిక్ బొమ్మ ఇటుకలు. ఇటుక మీద ఇటుక కూర్చోకపోతే బలం పెట్టకండి. తప్పు చాలాసార్లు మీ వేలి కింద ఉన్న ముక్కలో ఉండదు. సూచనల పుస్తకంలో నాలుగు మెట్ల వెనకో, ఆ ముక్క గడిపిన వేసవిలోనో ఉంటుంది. సత్యనారాయణపురంలోని మా ఇంట్లో పదకొండేళ్లుగా రాత్రి భోజనాలయ్యాక లెగో కడుతున్నాను. నాకు ఎదురైన చిక్కుల్లో తయారీ లోపాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఆ డెన్మార్క్ కంపెనీ 1958 జనవరి 28న పేటెంటుకు దరఖాస్తు పెట్టిన ఇటుక కొలతే ఇప్పటికీ నడుస్తోంది. ఇటుక పైన గుండ్రంగా లేచి ఉండే బొడిపెల్లో ఒకదాని నడిమి నుంచి పక్కదాని నడిమికి దూరం 8 మిల్లీమీటర్లు, ఇటుక ఎత్తు 9.6, పల్చటి పలక మందం 3.2. ఈ మూడు అంకెలూ గుర్తుంటే కింద చెప్పబోయే వాటిలో సగం మీకే తోస్తాయి.

రెండు పలకలు అతుక్కుపోయాయి, ఊడి రావడం లేదు

గోరు దూరే సందు ఉండదు కాబట్టి ముందు గోరు, తర్వాత పన్ను, ఆపైన కూరగాయల చాకు రంగంలోకి దిగుతాయి. చాకు గీత పెడుతుంది, పన్ను గుంట పెడుతుంది. ఆ మచ్చలు మళ్లీ పోవు. పెద్ద సెట్లు చాలావాటిలో ముక్కలు ఊడదీయడానికి నారింజ రంగు సెపరేటర్ ఒకటి వస్తుంది. దాన్ని పై పలక బొడిపెలకు తగిలించి పిడిని మీటలా నొక్కాలి, పైకి లాగకూడదు. ఒకే కొలత ఉన్న రెండు పలకలైతే ఒక సెపరేటర్ చాలదు. పైన ఒకటి, కింద ఒకటి తగిలించి రెండు పిడులనూ దగ్గరికి నొక్కండి. రెండోది లేకపోతే కింది పలకను పెద్ద బేస్‌ప్లేటు (కట్టడానికి అడుగున వేసే వెడల్పాటి పలక) మీద గుచ్చి, పై పలకకు పొడవాటి ఇటుక తగిలించి, దాని కొసను మెల్లగా వంచండి.

అద్దంలా కనిపించే పారదర్శక ముక్కల ప్లాస్టిక్ వేరు. అలాంటివి రెండు ఒకదానికొకటి నొక్కితే పట్టు మరీ మొండిగా ఉంటుంది. వాటి మధ్య మామూలు రంగు ముక్క ఒకటి వచ్చేలా చూసుకోవడమే మేలు.

పట్టు వదులైంది, తగిలితే చాలు ఊడిపోతోంది

ముక్కను దీపానికి అడ్డంగా పట్టి అంచులు చూడండి. వెంట్రుకంత తెల్లని గీత కనిపిస్తే అది చీలిక. ఒక బొడిపె, రెండు బొడిపెల చిన్న ఇటుకల్లోనూ, కొన్నేళ్ల కిందటి ఎర్రగోధుమ రంగు ముక్కల్లోనూ ఇది ఎక్కువ. జిగురు పెట్టి ప్రయోజనం లేదు, పక్కన పెట్టేయండి. గీత లేకపోతే రెండే అనుమానాలు. ఒకటి, మే నెలలో ఎండలో నిలిపిన కారులో పెట్టె మరిచిపోయారా? వేడికి ముక్క కంటికి కనిపించనంతగా వంగినా పట్టు పోతుంది. రెండోది, వేరే కంపెనీ ముక్కలు కలిశాయేమో. అసలు లెగో ముక్కకు దాదాపు ప్రతి బొడిపె మీదా పేరు ఉబ్బెత్తుగా ఉంటుంది. వేలి కొసతో తడిమినా తెలుస్తుంది. కలిసినవాటిని పారేయనక్కర లేదు. బరువు పడని చోట, గోడల లోపలి నింపుడుకు వాడుకోవచ్చు.

ముక్క తక్కువ వచ్చింది

నాకు తెలిసిన వారందరూ మొదట చేసే ఫిర్యాదు ఇదే. నేనూ చేశాను, చాలాసార్లు. ఈ మాట అనేముందు ఆ ముక్క కట్టడంలోనే మరోచోట కూర్చుని ఉందేమో చూడండి. ఆరు బొడిపెల పలక పెట్టాల్సిన చోట ఎనిమిది బొడిపెలది పెట్టి ఉంటాం. ఇరవై మెట్ల తర్వాత ఆ ఎనిమిది బొడిపెలది కావాల్సి వస్తుంది, అప్పుడు అది దొరకదు. అందుకే మిగిలిన ముక్కలను చూడండి. ఎక్కడ ఏది మారిందో అవే చెబుతాయి. చిటికెన వేలి గోరంత ముక్కలు ఒకటో రెండో మిగలడం సహజం, కంపెనీయే వాటిని అదనంగా వేస్తుంది. పెద్ద ముక్క మిగిలిందంటే మాత్రం ఎక్కడో మెట్టు తప్పారు. వెనక్కి వెళ్లాల్సిందే.

రెండో కారణం దీపం. పసుపు కాంతినిచ్చే బల్బు కింద నలుపు, ముదురు బూడిద, ముదురు గోధుమ మూడూ ఒకటిగానే కనిపిస్తాయి. ఒక సంక్రాంతి సెలవుల్లో రాత్రంతా కూర్చుని కట్టిన పైకప్పు తెల్లారాక కిటికీ వెలుగులో చూస్తే మచ్చలు మచ్చలుగా ఉంది. పదిహేడు ముక్కలు మార్చాను. అప్పటినుంచి ముదురు రంగులను పగటివేళే వేరు చేసి పెట్టుకుంటున్నాను. ఇంకో మాట: కవరును తిరగేసి అడుగు మూలలు నలిపి చూడకుండా చెత్తబుట్టలో వేయకండి. స్థిర విద్యుత్తు వల్ల చిన్న ముక్కలు కవరు గోడకు అంటుకుని ఉండిపోతాయి.

ఇవన్నీ చూశాక కూడా దొరక్కపోతే అది నిజంగానే రాలేదు. సూచనల పుస్తకం చివరి పేజీల్లో ప్రతి ముక్క బొమ్మ కింద ఒక సంఖ్య ఉంటుంది. సెట్టు సంఖ్యతో పాటు ఆ సంఖ్యను కంపెనీకి తెలియజేస్తే తప్పిపోయిన ముక్క పంపే ఏర్పాటు ఉంది. పుస్తకం చూడకుండా ముక్కను మాటల్లో వర్ణించబోతే పని తెమలదు.

పెట్టె తెరిచాను, ముందుకు సాగడం లేదు

వెతకడానికే గంట పడుతుంటే ఎవరికైనా విసుగే. కారణం సాధారణంగా రంగులవారీగా కుప్పలు పోయడం. ఎర్ర కుప్పలో ఎర్ర ముక్క కంటికి ఆనదు. ఆకారాలవారీగా పోస్తే, కలగలుపు రంగుల మధ్య కావలసిన రంగు ఇట్టే కనిపిస్తుంది. పెద్దవాటికి పళ్లేలు చాలు. మిల్లీమీటర్లలో ఉండే చిన్నవాటికి పోపుల డబ్బాను మించింది నాకు దొరకలేదు. ఏడు గిన్నెలు, ఒకే మూత, పిల్లి తన్నినా చెదరదు. వంటింట్లోది అడగకండి, వేరేది కొనుక్కోండి. వాసన ఎంత కడిగినా పోదు.

తెల్ల ఇటుకలు పసుపు రంగుకు తిరిగాయి

పడమటి కిటికీ దగ్గర పెట్టి ఉంటారు. ఇటుకలు ఎక్కువగా ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలకు, వేడికి ఆ ప్లాస్టిక్ పైపొర గాలిలోని ఆమ్లజనితో కలిసి రంగు మారుతుంది. అది మురికి కాదు కాబట్టి సబ్బుకు లొంగదు. మందుల షాపులో పుండ్లు కడగడానికి అమ్మే తక్కువ గాఢత హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ముంచి ఎండలో పెడితే చాలావరకు తెలుపు తిరిగి వస్తుంది. గంటల్లో కాదు, రోజులు పట్టవచ్చు. ముక్కలు తేలతాయి కనుక పైన జాలీ గిన్నె బోర్లించండి. పాత్రకు బిగుతు మూత పెట్టవద్దు, లోపల వాయువు పుట్టి ఒత్తిడి పెరుగుతుంది. చేతికి తొడుగు వేసుకోండి, పిల్లలకు అందనివ్వకండి. స్టిక్కర్లు, అచ్చు బొమ్మలు ఉన్న ముక్కలకు ఇది పనికిరాదు.

ఈ పని మన ఊళ్లో డిసెంబరు, జనవరి ఎండల్లో చేయాలి. వేసవిలో డాబా మీద నీళ్లు ఎంత కాగుతాయో చెప్పనక్కర లేదు. ఇటుకలను 40 డిగ్రీలకు మించిన నీటిలో కడగవద్దని కంపెనీయే చెబుతోంది. మే నెల మధ్యాహ్నం పైట్యాంకు కుళాయి తిప్పితే వచ్చే నీరే ఆ హద్దు దాటవచ్చు. కడిగే పని ఉంటే తెల్లవారుజామున పెట్టుకోండి. తెలుపు వచ్చాక మళ్లీ అదే కిటికీ దగ్గర పెడితే మళ్లీ పచ్చబడుతుంది.

పైన జిడ్డు పొర

వట్టి దుమ్మయితే మెత్తటి రంగుల కుంచె చాలు. జిడ్డుగా ఉందంటే వంటింటి పొగ, లేదా దీపారాధన మసి. మేము దసరా బొమ్మల కొలువులో కింది మెట్టు మీద కొండపల్లి బొమ్మల పక్కనే లెగో ఊరు పెడతాం. తొమ్మిది రోజుల సాంబ్రాణి తర్వాత కప్పులన్నీ పలుచటి నల్లపొర కప్పుకుంటాయి. లెగోను గిన్నెల సబ్బు కలిపిన చల్లని నీటిలో కడగవచ్చు. కొండపల్లి బొమ్మకు మాత్రం నీటిచుక్క తగలనివ్వకండి. అది తెల్లపొణికి కర్ర, అతుకు చింతగింజల పొడితో చేసిన మక్కు.

వరద బురద పట్టింది, కడిగినా సరిగ్గా కూర్చోవడం లేదు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా పెద్దక్క ఇంటి కింది భాగం మునిగింది. నీరు తీశాక మా మేనల్లుడు మంచం కింది అట్టపెట్టె లాగితే అట్ట చేతిలోకి ముద్దగా వచ్చింది. ఇటుకలు బురదతో ఒక దిమ్మెగా గట్టిపడి ఉన్నాయి. "పారేయమంటావా మామయ్యా?" అని అడిగాడు. వద్దన్నాను, బకెట్‌లో వేసి మా ఇంటికి తెచ్చుకున్నాను.

మొదటిసారి కడిగాక ముక్కలు కొత్తవాటిలా మెరిశాయి. గోడ కట్టడం మొదలుపెడితే పదో వరసకే ఒకపక్కకు ఒరిగింది. ఒక ఇటుక తిరగేసి ఫోను దీపం వేసి చూశాను. ఎనిమిది బొడిపెల ఇటుక అడుగున మూడు గొట్టాలుంటాయి. ఆ గొట్టాల గోడలకూ వెలుపలి గోడకూ మధ్య మూలల్లో గోధుమ రంగు గీతలా ఒండ్రు ఎండి ఉంది. బొడిపె లోపలికి పూర్తిగా దిగడం లేదు. ఒక్కో ఇటుక వెంట్రుకవాసి పైకి నిలిస్తే పది వరసలకు గోడ ఒరగకుండా ఎలా ఉంటుంది?

ఎండిన ఒండ్రును గీకకూడదు, నాననివ్వాలి. వరద నీటిలో మురుగు కూడా కలిసి ఉంటుంది కాబట్టి రబ్బరు తొడుగులు వేసుకుని, సబ్బునీటిలో రాత్రంతా వదిలేశాను. తెల్లారి నీరు మార్చాను. ఏడో నీటికి గాని బకెట్ అడుగు కనిపించలేదు. అప్పుడు చిన్నపిల్లల మెత్తటి టూత్‌బ్రష్‌తో ఒక్కో ముక్క అడుగు తోమాను. ఆరబెట్టడంలో కూడా ఒక చిక్కు ఉంది: గొట్టాల్లో నీటిబొట్టు నిలిచిపోతుంది. పాత పంచెలో మూటకట్టి నేనూ మేనల్లుడూ చెరో కొసా పట్టి ఊపాం, ఆ తర్వాత ఫ్యాను కింద రెండు రోజులు పరిచాం. వేడిగాలి యంత్రం పెట్టవద్దు, వంగిపోతాయి.

పరీక్ష ఇలా చేయండి: శుభ్రమైన పలక మీద ముక్కను నొక్కి, రెంటి మధ్య సందును వెలుగుకు అడ్డంగా చూడండి. వెలుగు గీత కనిపిస్తే ఆ ముక్క మళ్లీ బకెట్‌లోకే. స్టిక్కర్లు పోయాయి, మోటారు, బ్యాటరీ పెట్టె తుప్పు పట్టాయి, వాటిని బాగుచేయబోకండి. సూచనల పుస్తకాలు ముద్దయ్యాయి గాని వాటికి దిగులు అక్కర లేదు. సెట్టు సంఖ్య తెలిస్తే కంపెనీ వెబ్‌సైట్‌లో చాలా సెట్లకు అవి ఉచితంగా దొరుకుతాయి. పెట్టెల మీది సంఖ్యలను ఇవాళే ఒక కాగితం మీద రాసి పైఅరలో పెట్టుకోండి.

"ఈ వయసులో బొమ్మలా?" అంటున్నారు

2020 నుంచి కంపెనీయే పెద్దల సెట్ల పెట్టెల మీద 18+ అని వేస్తోంది. కానీ వాదించి గెలిచేది కాదు ఇది. అడిగిన వారి ముందు ఒక పళ్లెం పెట్టి, "బాబాయిగారూ, ఈ నాలుగు బొడిపెలవి కాస్త ఏరి పెడతారా?" అనండి. మా బాబాయి ఇప్పుడు ఆదివారం వస్తే ఏరకుండా వెళ్లరు.

సొంతంగా కట్టినది సగానికి వచ్చేసరికి వంకర తిరుగుతోంది

నాకు ఇది ప్రకాశం బ్యారేజీ నమూనా కడుతున్నప్పుడు ఎదురైంది. 1957లో పూర్తయిన ఆ బ్యారేజీకి 70 గేట్లు. గేటుకు మూడు బొడిపెలు, స్తంభానికి ఒకటి అనుకుంటే మొత్తం 280 బొడిపెలు, అంటే 2,240 మిల్లీమీటర్లు. 48 బొడిపెల బేస్‌ప్లేటుకు 12 గేట్లు పడతాయి, ఆరు బేస్‌ప్లేట్లు కావాలి. లెక్క సరిగ్గానే ఉంది. ఇరవయ్యో గేటు దాటేసరికి మాత్రం అడుగు పలక విల్లులా పైకి లేచింది.

కారణాలు రెండు తేలాయి. గేట్లుగా పల్చటి పలకలను నిలువుగా బొడిపెల నడుమ ఇరికించాను. బొడిపె వ్యాసం 4.8, రెండు బొడిపెల మధ్య ఖాళీ 3.2, పలక మందమూ 3.2. దిగుతుంది, కానీ ఊపిరాడే చోటు లేదు. ఒక్కో గేటు బొడిపెలను ఇసుమంత అటూ ఇటూ తోస్తుంది, ఇరవై కలిస్తే అడుగే వంగుతుంది. పక్కవైపు బొడిపె ఉండే ఇటుకలను స్తంభాల్లో పెట్టి, గేట్లను వాటికి తగిలించాను. బలవంతం పోయింది, పలక చదునైంది.

రెండోది పైన వేసిన రోడ్డు. దాని పలకల అతుకులు బేస్‌ప్లేట్ల అతుకుల మీదే పడ్డాయి. ఏ తాపీమేస్త్రీ అయినా అతుకు మీద అతుకు రానివ్వడు. రోడ్డు మొత్తం విప్పి, మొదటి పలకను సగం కొలతది వేసి, మిగతావన్నీ జరిపాను. ఇప్పుడు ప్రతి బేస్‌ప్లేటు అతుకు మీదా పైన నిండు పలక ఉంది. గదిలోంచి హాల్లోకి తీసుకెళ్లాలంటే అడుగున ప్లైవుడ్ చెక్క దూర్చి, ఇద్దరు రెండు కొసలూ పట్టుకుని, మధ్యలో మూడో మనిషి చెయ్యి వేయాలి.