కాలేజీ పత్రిక పనిని డమ్మీతో మొదలుపెట్టండి

వార్షిక సంచిక వేస్తున్నామని ప్రకటించగానే విద్యార్థులు ఫొటోలు పోగేయడం మొదలుపెడతారు. నెల తిరిగేసరికి ఫోన్లలో వందలాది ఫొటోలు చేరతాయి కాని, పేజీకి అమరేవి పది కూడా ఉండవు. నెల్లూరులో ఒక డిగ్రీ కళాశాల సంచిక పని కొన్నేళ్లుగా చూస్తున్న నేను, సంపాదకవర్గంలో చేరే ప్రతి విద్యార్థికీ మొదట చెప్పేది ఇదే: ముందు పేజీని నిర్ణయించుకోండి, కెమెరాను ఆ తరువాత తీయండి. ఏ పేజీలో ఏది, ఎంత చోటులో రావాలో తెలిసిన తరువాత తీసే ఫొటో తీరే వేరు, దిద్దే వ్యాసం తీరే వేరు.

అందుకని మొదటి వారం కంప్యూటర్ జోలికి పోకుండా డమ్మీ, అంటే సంచికకు కాగితపు నమూనా, తయారు చేయించాలి. ఎనిమిది ఏ4 కాగితాలను మధ్యకు మడిచి, ఒకదానిలో ఒకటి దూర్చి పిన్ను కొడితే 32 పేజీల చిన్న పుస్తకం వస్తుంది. మధ్యలో పిన్ను కొట్టే సంచికకు పేజీల సంఖ్య నాలుగుతో భాగింపబడి తీరాలన్న సంగతి అక్కడే, చేతితో మడుస్తుండగానే, విద్యార్థికి అర్థమవుతుంది. మడిచిన కాగితానికి కూడా పొడవు వెడల్పుల నిష్పత్తి ఏ4దే కనుక, అసలు సంచికను ఏ4లో వేసినా ఈ డమ్మీ దానికి సరైన నమూనాగా పనికొస్తుంది. ప్రతి పేజీలో శీర్షిక, ఫొటో, వ్యాసం ఎక్కడ వస్తాయో పెన్సిలుతో గీయించాలి. ఎదురెదురు పేజీలను పాఠకుడు ఒకే చూపులో చూస్తాడు కాబట్టి, వాటిని కలిపే గీయాలి.

ఫొటోల సాధనకు మా ఊళ్లో రొట్టెల పండుగను మించిన పాఠం లేదని నా నమ్మకం. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా పక్కనున్న స్వర్ణాల చెరువులో, నీళ్లలో నిలబడి విద్య రొట్టె, ఆరోగ్య రొట్టె అంటూ మొక్కును బట్టి రొట్టెలు మార్చుకునే జనాన్ని మూడు దూరాల నుంచి తీయమని చెబుతాను. చెరువును, జనాన్ని కలిపి చూపే దూరపు ఫొటో ఒకటి, ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరిది ఒకటి, రొట్టె ఒక చేతి నుంచి మరో చేతికి మారుతున్న దగ్గరి ఫొటో ఒకటి ఉంటే రెండు పేజీల కథనానికి సరిపోతుంది. నీటి మీద పడే ఎండ ఫోన్ కెమెరాను మోసం చేస్తుంది. వెలుతురు ఎక్కువగా ఉందనుకుని అది ముఖాలను నల్లబరుస్తుంది కనుక, తెర మీద ముఖంపై వేలితో తాకి, వెలుతురు గుర్తును కొద్దిగా పైకి జరపాలి. జూమ్ చేయడం మాని నాలుగడుగులు ముందుకు వేయాలి. మొదటి పేజీ ఫొటోను నిలువుగా తీసి, శీర్షిక కోసం పై భాగంలో ఖాళీ ఆకాశాన్ని వదలాలి. భక్తితో వచ్చినవారిని అడగకుండా దగ్గరి ఫొటో తీయడం తప్పు. అనుమతి అడిగినప్పుడే వారి పేరు, ఊరు, ఏ రొట్టె కోసం వచ్చారో రాసుకుంటే ఫొటో వ్యాఖ్య కూడా సిద్ధమవుతుంది.

తీసిన ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే దాని నాణ్యత తగ్గిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది. అచ్చుకు అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలి కనుక, 1200 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటో నాలుగు అంగుళాల వరకే చక్కగా వస్తుంది. ఏ4 పేజీ నిండా వేయాలంటే 2480 వెడల్పు, 3508 ఎత్తు ఉండాలి, కటింగ్ కోసం నాలుగు వైపులా మూడు మిల్లీమీటర్లు అదనంగా వదలాలి. ఒక ఏడాది బృందం ఫొటోను రెండు పేజీల మీద పరిచినప్పుడు, సరిగ్గా మధ్యలో నిలబడ్డ అమ్మాయి ముఖం మడతలో చీలిపోయింది. సంచిక తెరిచి తనను తాను వెతుక్కున్న ఆ అమ్మాయి ముఖం నాకింకా గుర్తుంది. అప్పటి నుంచి అలాంటి ఫొటోను ముందు డమ్మీ మడతలో అతికించి చూడకుండా ఖాయం చేయడం లేదు.

దిద్దుబాటులో నేను మొదట చూసేది తొలి పేరా. ‘మన సంస్కృతిలో పండుగలకు ఎంతో ప్రాముఖ్యత ఉందన్న విషయం అందరికీ తెలిసినదే’ అని మొదలైన వ్యాసంలో ఆ వాక్యాన్ని పూర్తిగా కొట్టివేసి, మూడో పేరాలో దాగి ఉన్న ‘మోకాళ్ల లోతు నీళ్లలో మా అవ్వ గంటసేపు నిలబడింది’ అన్న వాక్యాన్ని పైకి తెచ్చాం. వ్యాసం అక్కడి నుంచే ప్రాణం పోసుకుంది. ప్రాముఖ్యం, ప్రాధాన్యం, నైపుణ్యం అన్న మాటల చివర ‘త’ చేర్చనక్కర లేదని కూడా అప్పుడే చెప్పవచ్చు. అయితే ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన ‘ఏటేటా వస్తా ఉండాం’ అంటే దాన్ని ‘వస్తున్నాం’ అని దిద్దకూడదు, ఎందుకంటే ఆ మాటలో మన జిల్లా గొంతు ఉంది. ఏ మార్పు చేసినా రాసినవారిని పక్కన కూర్చోబెట్టుకుని చేయాలి.

పేజీ అమరికలో తెలుగుకు తన అవసరాలు తనకున్నాయి. గుడులు పైకి, వత్తులు కిందికి సాగుతాయి కనుక 12 పాయింట్ల అక్షరానికి వరుసల మధ్య దూరం 17 లేదా 18 పాయింట్లు ఇస్తే కంటికి హాయిగా ఉంటుంది. మన మాటలు పొడవు కాబట్టి, పేజీని మూడు కాలమ్‌లుగా చీల్చి రెండు అంచులూ సమంగా లాగితే మాటల మధ్య గుంతలు పడతాయి. రెండు కాలమ్‌లు చాలు. వ్యాసం మొదటి అక్షరాన్ని పెద్దది చేసేటప్పుడు అది ‘స్త్రీ’ వంటిదైతే వత్తు కింది వరుసను తాకుతుంది, అక్కడ ఆ అలంకారాన్ని మానుకోవడమే మేలు. వ్యాసాలకు మండలి, శీర్షికలకు రామభద్ర వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు సరిపోతాయి. పేజీలు అమర్చే సాఫ్ట్‌వేర్లలో స్క్రైబస్ 1.6లో తెలుగు సరిగానే కూర్చబడుతుంది, ఇన్‌డిజైన్‌లో మాత్రం వరల్డ్-రెడీ కంపోజర్ అనే అమరికను ఎంచుకోవాలి. డీటీపీ కేంద్రంలో పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, యూనికోడ్ కాని అను ఫాంట్లు వాడుతుంటే మన యూనికోడ్ వ్యాసాన్ని మార్చాల్సి వస్తుంది, ఆ మార్పిడిలో వత్తులు జారిపోయే ప్రమాదం ఉంది.

కాబట్టి ప్రూఫును, అంటే తప్పులు సరిచూసే ప్రతిని, తెర మీద కాకుండా కాగితం మీద చూడాలి. ఒకరు మూలప్రతిని పైకి చదువుతుంటే మరొకరు ఎర్రకలంతో ప్రూఫు మీద గుర్తించాలి. శీర్షికలను, ఫొటో కింది పేర్లను విడిగా మరోసారి సరిచూడాలి. చివరగా ప్రెస్సువారి నమూనా ప్రతిని మడిచి, మొదటి నాటి డమ్మీ పక్కన పెట్టి, పేజీ తరువాత పేజీ పోల్చి చూశాక, విద్యార్థి సంపాదకుడు దాని మీద సంతకం చేసి తేదీ వేసిన తరువాతే అచ్చుకు ఒప్పుకోవాలి.