వడ్లు రోడ్డెక్కకముందే: కోతల కాలానికి జాగ్రత్తలు

కోత మిషన్ పొలంలో దిగిన వారానికే ఊరి రోడ్డు కల్లమైపోతుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే కాంటా వేయరు. మిషన్ కోసిన పచ్చి వడ్లలో అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఆరబోయడానికి ఇంటి ముందు జాగా చాలదు. రైతు అవసరం నిజమే. కానీ దారిన పోయేవాళ్ల ప్రాణం తీసేది కుప్ప చుట్టూ పేర్చిన రాళ్లు, రాత్రి కప్పే నల్ల కవరు.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బైకు సెకనుకు 17 మీటర్లు పోతుంది. చూసి బ్రేకు నొక్కేలోపే పాతిక మీటర్లు దాటుతుంది. డిమ్ లైటు వెలుగు అంతకంటే ఎంతో దూరం పడదు. నల్ల తారు మీద నల్ల కవరు కనిపించేసరికి చక్రం రాయెక్కి ఉంటుంది. పగలైనా చెల్లాచెదురైన గింజలు టైరు కింద జారిపోతాయి, ముందు బ్రేకు గట్టిగా పట్టినవాళ్లు పడిపోతారు.

అందుకే కోతలకు ముందే ఊళ్లో చాటింపు వేయించి జాగాలు తేల్చుకోండి. ఎకరానికి 25 క్వింటాళ్లనుకుంటే, రెండంగుళాల మందాన పరచడానికి సుమారు 100 గజాలు కావాలి. మార్కెట్ యార్డు, ఖాళీ ప్లాట్లు, అనుమతి దొరికితే బడి మైదానం చూసుకుని, ఎవరి కోత ఎప్పుడో దాన్నిబట్టి వంతులు వేసుకోవాలి. మలుపులు, కల్వర్టుల దగ్గర ఎవరినీ పోయనివ్వకండి. ఎక్కడైనా ఇప్పటికే పోసి ఉంటే పొద్దుగూకకముందే ఎత్తించాలి, అంచుకు పెట్టిన రాళ్లతో సహా. రాళ్ల బదులు ఊక నింపిన తెల్ల సంచులు పెడితే తగిలినా దెబ్బ తగ్గుతుంది.

ట్రాక్టర్ ట్రాలీ సంగతి వేరే. వెనక తలుపు వెడల్పంతా ఎర్ర రిఫ్లెక్టర్ టేపు అంటించాలి. మట్టి మీద అంటిస్తే రెండు రోజుల్లో ఊడుతుంది, కడిగి ఆరాకే అంటించండి. గడ్డి వేస్తే ఆ టేపూ లైట్లూ కప్పుకుపోతాయి కాబట్టి, లోడు చివర ఇంకో రిఫ్లెక్టర్ కట్టాలి. చెడిపోయిన ట్రాలీని రాత్రి రోడ్డు మీద వదలొద్దు.

ప్రమాదం జరిగితే కేసవుతుందని వెనకాడకండి. మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ సాయం చేసినవాళ్లకు రక్షణ ఇస్తుంది, మీ పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. 108కి ఊరి పేరుతో పాటు దగ్గరి కిలోమీటరు రాయి మీది అంకె కూడా చెప్పండి.