ఒక్క మనిషి కేస్ స్టడీని చదవడం ఎలా: మానసిక చికిత్స పనిచేసే తీరును అందులో వెతికే పద్ధతి

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం ప్రాంతాల్లో సైకాలజీయో సోషల్ వర్కో చదువుతున్న తెలుగు విద్యార్థులకూ, బడుల్లోనూ ఆసుపత్రుల్లోనూ కౌన్సెలింగ్ పని మీద వేసుకున్నవారికీ కేస్ స్టడీ అంటే చాలావరకు పరీక్ష ముందు నింపే రికార్డు పుస్తకమే. పేరు, వయసు, ఫిర్యాదు, కుటుంబ చరిత్ర, చేసిన చికిత్స, వచ్చిన ఫలితం అన్న గళ్ళు నింపి, సంతకం పెట్టించుకుంటే పని అయిపోతుంది. మార్పు ఎప్పుడు మొదలైందో, దానికి కాస్త ముందు గదిలో ఏం జరిగిందో రాయడానికి ఆ పుస్తకంలో గడి ఉండదు. మానసిక చికిత్స ఎలా పనిచేస్తుందన్న ప్రశ్నకు ఒక్క మనిషి కేసు ఇవ్వగలిగిన జవాబంతా ఏది ముందు, ఏది తర్వాత అన్న ఆ వరుసలోనే ఉంటుంది కనుక, కేసును చదివేటప్పుడు గానీ రాసేటప్పుడు గానీ మొదట పట్టుకోవలసింది దాన్నే.

వందల మందిని రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు చికిత్స ఇచ్చి, రెండింటి సగటులను పోల్చే పరిశోధనకు ఉన్న బలం ఒక్క కేసుకు లేదు. ఒక పద్ధతి ఎంతమందికి మేలు చేస్తుందో తెలియాలంటే ఆ పరిశోధనల దగ్గరకే వెళ్ళాలి. అయితే ఏ సెషన్లో, ఏ ప్రశ్న తర్వాత, ఏ మనస్పర్ధ సర్దుకున్నాక కదలిక వచ్చిందో సగటు లెక్కలో కనబడదు. అది కేసులోనే కనబడుతుంది, అదీ కేసు రాసినవారు ఓపికగా రాసి ఉంటేనే.

అలాంటి ఓపికకు నమూనాగా మనస్తత్వవేత్త మేరీ కవర్ జోన్స్ 1924లో ప్రచురించిన పీటర్ కేసును మొదట చదవమని నా సలహా. మూడేళ్ళు కూడా నిండని ఆ పిల్లవాడికి కుందేలంటే విపరీతమైన భయం. మొదట కుందేలంటే భయం లేని పిల్లలను అతని పక్కన ఆడించారు. తర్వాత అతను ఇష్టమైనది తింటూ ఉండగా పంజరంలోని కుందేలును దూరంగా ఉంచి, క్రమంగా దగ్గరకు జరుపుతూ వచ్చారు. గదిలో ఏ మూల కుందేలున్నా ఏడ్చే దశ నుంచి, అది తన వేళ్ళను కొరుకుతున్నా ఊరుకునే దశ వరకు జోన్స్ ఒక్కొక్క మెట్టునూ విడిగా రాసిపెట్టింది. ఈ కేసులో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది మధ్యలో వచ్చిన దెబ్బ. పీటర్‌కు స్కార్లెట్ జ్వరం వచ్చి రెండు నెలలు దూరమయ్యాడు. ఆసుపత్రి నుంచి బయలుదేరుతున్నప్పుడు ఒక పెద్ద కుక్క మీదికి రావడంతో అతనితో పాటు వెంట ఉన్న నర్సు కూడా హడలిపోయింది. తిరిగి వచ్చేసరికి పాత భయం మళ్ళీ మొదటికొచ్చింది. జోన్స్ దీన్ని దాచలేదు. దాచకపోవడం వల్లనే, తర్వాత తిండితో జోడించి కుందేలును దగ్గరకు తెచ్చినప్పుడు భయం మళ్ళీ తగ్గడాన్ని పాఠకుడు గుర్తించగలుగుతాడు. తగ్గిన భయం మళ్ళీ పెరిగి, తిండితో జోడించే కొత్త ఉపాయం మొదలుపెట్టాకే తగ్గిందంటే ఆ ఉపాయానికి దానిలో పాత్ర ఉందని నమ్మడానికి కొంత ఆధారం దొరికినట్టే. ఏ ఒడిదుడుకూ లేకుండా నేరుగా నయమైపోయిన కేసులో ఆ ఆధారం దొరకదు.

కేసు చేతికి వచ్చాక చేయవలసిన మొదటి పని, ఒక కాగితం మీద సెషన్ల సంఖ్యను అడ్డంగానూ స్కోరును నిలువుగానూ పెట్టి గీత గీయడం. దిగులు (డిప్రెషన్) కేసుల్లో ఎక్కువగా వాడే పి.హెచ్.క్యూ.-9 అనే ప్రశ్నావళిలో తొమ్మిది ప్రశ్నలుంటాయి. మొత్తం స్కోరు 0 నుంచి 27 వరకు ఉంటుంది. అయిదు పాయింట్లయినా తగ్గితేనే మనిషి స్థితిలో చెప్పుకోదగ్గ మార్పు వచ్చిందని సాధారణంగా తీసుకుంటారు. ఒకటి రెండు పాయింట్ల తేడాను చూసి కథ అల్లకూడదు. గీతలో ఎక్కడైనా ఒక్కసారిగా పెద్ద దిగుడు కనిపిస్తే, దానికి ముందు జరిగిన సెషన్‌కు తిరిగి వెళ్ళి చదవాలి. దిగులుకు కాగ్నిటివ్ చికిత్స, అంటే ఆలోచనా తీరును మార్చే చికిత్స, పొందినవారి రికార్డులను టాంగ్, డెరుబీస్ అనే పరిశోధకులు సరిగ్గా ఇలాగే పరిశీలించి 1999లో ప్రచురించారు. కొందరిలో మెరుగుదల నెమ్మదిగా కాక రెండు సెషన్ల మధ్య ఒక్కసారిగా వచ్చిందనీ, దానికి ముందు సెషన్లో వారి ఆలోచనలో గట్టి మార్పు కనబడిందనీ వారు చూపారు.

ఈ పని చేతులతో ఎలా చేయాలో తెలియడానికి ఒక కల్పిత కేసును తీసుకుందాం. పర్లాకిమిడిలో ఒడియా మాధ్యమం బడిలో పనిచేసే ఒక టీచరమ్మ, తల్లి పోయిన ఏడాదికి నిద్రపట్టక, సెలవుల మీద సెలవులు పెట్టి, ఇంట్లో ఎవరితోనూ మాట్లాడని స్థితిలో చికిత్సకు వచ్చింది. మొదటి నాలుగు సెషన్లలో ఆమె బడిలో మాట్లాడినట్టే ఒడియాలో మాట్లాడింది. హెడ్‌మాస్టరు గురించీ, ఎన్నికల డ్యూటీ గురించీ చెప్పుకుంది. స్కోరు 17 నుంచి 16కు వచ్చి ఆగిపోయింది. అయిదో సెషన్లో తల్లి చివరి రోజుల ప్రస్తావన రాగానే తెలుగులోకి మారి, ‘అమ్మని విశాఖ తీసికెళ్దామని అన్నయ్య అన్నాడండి. పిల్లల పరీక్షలయ్యాక చూద్దాములే అని నేనే ఆపీసేను’ అంది. థెరపిస్టు ‘మీ తప్పేం లేదమ్మా’ అని తొందరపడి ఓదార్చలేదు. కాసేపు ఆగి, ‘ఆ రోజు మీకు తెలిసినదేమిటి, తర్వాత తెలిసినదేమిటి?’ అని అడిగింది. ఆ రెండింటినీ ఆమె విడదీసి చెప్పడానికి సెషన్ అంతా పట్టింది. ఆరో సెషన్ నాటికి స్కోరు 9. రికార్డు పుస్తకంలో ఇదంతా ‘శోకానికి కౌన్సెలింగ్ ఇచ్చాము, మెరుగుపడింది’ అన్న ఒక్క వాక్యమవుతుంది, ఆ వాక్యం నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోలేరు.

ఇక్కడితో ఆగి సంతోషపడితే చదవడం సగమే అయినట్టు. అదే వారం వేసవి సెలవులు మొదలయ్యాయని కేసులో మరో పేజీలో ఉందనుకోండి. మూడు వారాల ముందు డాక్టరు దిగులుకు మందు మొదలుపెట్టారనీ, అలాంటి మందుల ప్రభావం తెలియడానికి కొన్ని వారాలు పడుతుందనీ మీకు తెలుసు. అప్పుడు మార్పు మాటల వల్ల వచ్చిందా, మందు వల్లనా, సెలవుల వల్లనా? మొత్తం స్కోరును పక్కనపెట్టి, ప్రశ్నలవారీగా చూడాలి. పి.హెచ్.క్యూ.-9లో మూడో ప్రశ్న నిద్ర గురించి, ఆరో ప్రశ్న తనమీద తనకు చెడ్డ అభిప్రాయం, తనవాళ్ళను నిరాశపరిచానన్న భావన గురించి. నిద్ర మూడో వారం నుంచే కుదుటపడుతూ ఉండి, ఆరో ప్రశ్న మాత్రం అయిదో సెషన్ వరకు కదలక, ఆ తర్వాతే పడిపోతే, అపరాధభావం విషయంలో ఆ సంభాషణకు పాత్ర ఉందనడం న్యాయం. బడి తెరిచాక కూడా స్కోరు నిలిచిందంటే సెలవుల వాదం బలహీనపడుతుంది. మందూ మాటా రెండూ తలో పని చేశాయని ఒప్పుకోవడంలో థెరపిస్టుకు చిన్నతనం ఏమీ లేదు.

ఇలా ఎదురు ప్రశ్నలు వేయడాన్ని రాబర్ట్ ఇలియట్ అనే పరిశోధకుడు 2002లో ఒక క్రమపద్ధతిగా రూపొందించాడు. చికిత్సే కారణమని ఒక పక్షం, కాదని మరో పక్షం అదే రికార్డు నుంచి ఆధారాలు తీసి వాదించాలి. కాదనే పక్షం కోసం అతను ఎనిమిది రకాల వివరణలను పేర్కొన్నాడు: వచ్చిన మార్పు అసలు లెక్కలోకి రానంత చిన్నది కావడం, కొలతలోని పొరపాటు, థెరపిస్టును సంతోషపెట్టడానికి బాగున్నానని చెప్పడం, నయమవుతుందని ముందే ఆశించడం, తనంతట తానే సర్దుకోవడం, చికిత్స బయటి సంఘటనలు, మందులూ శరీర కారణాలూ, పరిశోధనలో ఉన్నానన్న స్పృహ కలిగించే మార్పు. మన ప్రాంతంలో మూడోదాని మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచాలి. పెద్దవాళ్ళ దగ్గర, డాక్టర్ల దగ్గర ‘పర్వాలేదండి, తగ్గిందండి’ అనడం మర్యాద కనుక, ఆ మాటను ఇంటివాళ్ళు చూసిన మార్పుతో సరిపోల్చాలి. బయటి సంఘటనల్లో తారాతారిణి మొక్కు తీర్చుకోవడం, తాయెత్తు కట్టించుకోవడం, పొలం తగాదా తేలడం అన్నీ చేరతాయి. వాటిని వెక్కిరింపు లేకుండా తేదీతో సహా రాసిపెట్టాలి.

తర్వాత చూడవలసింది థెరపిస్టుకూ చికిత్సకు వచ్చిన మనిషికీ మధ్య సంబంధం. ఎడ్వర్డ్ బోర్డిన్ 1979లో దీన్ని మూడుగా విడదీశాడు: గమ్యం మీద ఏకాభిప్రాయం, చేయవలసిన పనుల మీద ఏకాభిప్రాయం, పరస్పర ఆప్యాయత. కేసుల్లో మూడోదాని గురించి ‘చక్కటి అనుబంధం ఏర్పడింది’ అని రాసి, మొదటి రెండింటినీ వదిలేయడం మామూలు. మీరు మాత్రం ఒకసారి రాకుండా పోయిన సెషన్‌ను, థెరపిస్టు ఇంట్లో చేసుకురమ్మన్న పని చేయకుండా వచ్చిన రోజును, ముభావంగా ఇచ్చిన జవాబును వెతకండి. అక్కడ థెరపిస్టు ఏం చేసిందో, ఆ మరుసటి సెషన్ ఎలా నడిచిందో చదివితే, సంబంధం నిజంగా పనిచేసిందో లేదో తెలుస్తుంది.

కేసు ఎవరి కలం నుంచి వచ్చిందన్నదీ చూడాలి. బ్రాయర్, ఫ్రాయిడ్ 1895లో ప్రచురించిన అన్నా ఓ. కేసు మాటలతో చికిత్స అన్న ఆలోచనకే మొదలుగా చెప్పుకుంటారు. అందులో ఆమె కోలుకుందని ఉంది. కానీ ఆమె 1882లో స్విట్జర్లాండ్‌లోని క్రాయిజ్‌లింగెన్ శానటోరియంలో చేరిందని చూపే పత్రాలను చరిత్రకారుడు హెన్రీ ఎల్లెన్‌బర్గర్ 1972లో బయటపెట్టాడు. బెర్తా పాపెన్‌హైమ్ అనే ఆ స్త్రీ తర్వాతి జీవితంలో పేరున్న సమాజ సేవకురాలైంది, కానీ ఆ కోలుకోవడం కేసులో చెప్పినంత త్వరగా జరగలేదు. జ్ఞాపకం మీద ఆధారపడి రాసిన కేసుకూ రికార్డు చేసిన కేసుకూ తేడా ఇక్కడే తెలుస్తుంది. కార్ల్ రోజర్స్ 1942లో హెర్బర్ట్ బ్రయన్ అనే మారుపేరుతో ఒక వ్యక్తి ఎనిమిది సెషన్లను మాట మాటా అచ్చువేశాడు. దాన్ని చదివితే థెరపిస్టు తడబాట్లు కూడా కనబడతాయి.

మీరే రాయవలసి వస్తే, మనిషి ఏ మాట ఏ భాషలో అన్నాడో అక్కడికక్కడే గుర్తు పెట్టుకోండి. తెలుగు ఇంట పుట్టి ఒడియా బడిలో చదివిన వారిలో చాలామందికి తెలుగు మాట్లాడడం వచ్చినా చదవడం రాదు కనుక, అంగీకార పత్రాన్ని వారు చదవగలిగే లిపిలో ఇవ్వండి, లేదా చదివి వినిపించండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యతను హక్కుగా గుర్తించింది. గుణుపురం లాంటి చిన్న ఊళ్ళలో పేరు మార్చినంత మాత్రాన గోప్యత దక్కదు. వీధి, కులవృత్తి, బంధువు ఉద్యోగం చెబితే చాలు, బజారులో పోల్చేస్తారు. అందుకని ఊరినీ వృత్తినీ మార్చండి, చికిత్స ఆధారపడిన వివరాలను మాత్రం మార్చకండి. ఆ రెండూ ఒకటే అయినప్పుడు, అంటే వృత్తి చెప్పకపోతే కేసే అర్థం కాదన్నప్పుడు, దాన్ని ప్రచురించవద్దు. చికిత్స ముగిసినప్పుడు ఒకసారి, రాసింది చూపించాక మరొకసారి అనుమతి అడగండి. రెండోసారి వద్దంటే కారణం అడగకుండా కాగితాలు వెనక్కి తీసుకోండి.