ఇంగ్లీషులో అప్లికేషన్ పంపే ముందు నామవాచకాలు చూసుకోండి

ఉద్యోగానికో, కాలేజీ సీటుకో ఇంగ్లీషులో లెటర్ రాశాక వెంటనే పంపేయకండి. ఒక్కసారి నామవాచకాల మీదే దృష్టి పెట్టి చదవండి.

– ముందుగా లెక్కపెట్టలేని నామవాచకాలు. మనవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. ఇన్ఫర్మేషన్, అడ్వైస్, ఫర్నిచర్, ఎక్విప్‌మెంట్ లాంటి వాటి చివర ‘ఎస్’ చేర్చకూడదు, ముందు ‘ఎ’, ‘ఏన్’ పెట్టకూడదు. ఒక సలహా అని చెప్పాలంటే ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’ అని రాయాలి. మనం నీళ్లు ఉన్నాయి, డబ్బులు వచ్చాయి అంటాం కాబట్టి వాటర్, మనీ పక్కన కూడా ‘ఆర్’ అలవాటుగా వచ్చేస్తుంది. అక్కడ ‘ఈజ్’ ఉండాలి. న్యూస్‌కీ అంతే. పోలీస్‌కి మాత్రం ‘ఆర్’.

– వాక్యంలో కర్త ఏదో వెతకండి. ‘ద లిస్ట్ ఆఫ్ సర్టిఫికెట్స్ ఈజ్ అటాచ్డ్’లో కర్త లిస్ట్. క్రియకు దగ్గరగా ఉంది కదా అని సర్టిఫికెట్స్‌ని చూసి ‘ఆర్’ రాయకండి. వాక్యం పొడవుగా ఉంటే కర్త కింద పెన్సిల్‌తో గీత గీయండి, నిజంగా పనిచేస్తుంది.

– ‘డిస్కస్’ తర్వాత కర్మ నేరుగా రావాలి. తెలుగులో ‘గురించి’ అంటాం కదా అని ‘అబౌట్’ చేర్చకండి.

– ‘వన్ ఆఫ్ ద’ తర్వాత బహువచనమే: వన్ ఆఫ్ ద స్టూడెంట్స్.

– మనుషుల పేర్లు, ఊళ్లు, నెలలు, వారాలు, భాషలు పెద్ద అక్షరంతో మొదలవ్వాలి. మీ పేరు స్పెల్లింగ్ పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే ఉందో లేదో కూడా చూడండి.