ఖనిజాలను గుర్తించడం – ఏడవ పాఠం: ఆర్జిరోడైట్

గత పాఠంలో సీసపు ఖనిజమైన గెలీనాను కాఠిన్యంతోను, గీత రంగుతోను గుర్తుపట్టాం. ఆ రెండు పరీక్షలూ చాలని ఖనిజం ఆర్జిరోడైట్. వెండి, జర్మేనియం, గంధకం కలిసిన ఈ ఖనిజం కాఠిన్యం కూడా, గెలీనాలాగే, 1 నుంచి 10 వరకు సాగే మోస్ కొలమానంలో సుమారు 2.5 కాబట్టి రాగి తీగతో రెండింటినీ గీయవచ్చు. మెరుగు లేని పింగాణీ పలక మీద రుద్దితే రెండూ బూడిద కలిసిన నల్లటి గీతనే వదులుతాయి.

అందుకే ముందుగా విరిగిన చోటును భూతద్దంతో చూడాలి. గెలీనా మెట్లుమెట్లుగా చీలుతుంది, ప్రతి మెట్టూ చిన్న అద్దంలా తళుక్కుమంటుంది. ఆర్జిరోడైట్‌కు అటువంటి చీలిక లేదు. గరుకుగానో, గుల్ల లోపలి వంపులాగానో విరుగుతుంది. తాజా ముఖం ఎర్రజీర కలిసిన ఉక్కురంగులో ఉండి, క్రమంగా ఊదాకు, నలుపుకు తిరుగుతుంది. అయితే రంగును చివరి సాక్షిగానే పిలవడం మంచిది.

అసలు తీర్పు విశిష్ట గురుత్వానిది, అంటే అంతే పరిమాణం నీటికంటే రాయి ఎన్ని రెట్లు బరువో చెప్పే అంకెది. రాతిని తూచి, ఆ బరువు రాసుకోండి. తర్వాత నీళ్ల గ్లాసును కాటా మీద పెట్టి అంకెను సున్నా చేసి, దారానికి కట్టిన రాతిని అడుగుకూ అంచుకూ తగలకుండా నీటిలో పూర్తిగా ముంచండి. అప్పుడు కనిపించే అంకెతో మొదటి బరువును భాగించాలి. 31 గ్రాముల ముక్క 5 చూపితే ఫలితం 6.2, అంటే ఆర్జిరోడైట్‌కు సరిపోతుంది. గెలీనా అయితే 7.5 దగ్గర ఉంటుంది.

ఈ ఖనిజం 1885లో జర్మనీలోని ఫ్రైబర్గ్ దగ్గర హిమ్మెల్స్‌ఫ్యూర్స్ట్ వెండి గనిలో దొరికింది. ఖనిజ శాస్త్రవేత్త వైస్‌బాఖ్ దానికి పేరు పెట్టగా, విశ్లేషించిన రసాయన శాస్త్రవేత్త క్లెమెన్స్ వింక్లర్‌కు ఎన్నిసార్లు చేసినా మొత్తంలో దాదాపు 7 శాతం లెక్కకు రాలేదు. చేతిపొరపాటని వదిలేయడానికి వీలైన తేడాయే అది, కానీ ఆయన వదలలేదు. 1886 ఫిబ్రవరిలో ఆ లోటు నుంచే జర్మేనియం బయటపడింది. మెండలీవ్ 1871లో ఎకాసిలికాన్ పేరుతో ఊహించిన మూలకం అదే.

జర్మేనియం సిలికేట్లలో (సిలికాన్, ఆక్సిజన్ కలిసిన ఖనిజాల్లో) సిలికాన్ స్థానంలోకి, జింకు ఖనిజమైన స్ఫాలరైట్‌లోకి కొద్దికొద్దిగా చెదిరిపోతుంది; సొంత ఖనిజం కట్టేంతగా ఒకచోట చేరడం అరుదు. అందుకే ఫ్రైబర్గ్, బొలీవియా వంటి చోట్ల, వేడినీటి ద్రవాలు పగుళ్లలో పేర్చిన వెండి సిరల్లోనే ఆర్జిరోడైట్ కనిపిస్తుంది.

అభ్యాసానికి గెలీనా చాలు. పల్నాడులోని అగ్నిగుండాల సీసపు నిక్షేపాల్లో ఉన్నది అదే. కొలత 7 కంటే తగ్గితే ముక్కకు తెల్లరాయి అంటుకుని ఉందేమో చూసి, విడగొట్టి మళ్లీ తూచండి. గెలీనాలో సీసం ఉంటుంది కాబట్టి వంటకు వాడే కాటా, గ్లాసు వద్దు. పని కాగానే చేతులు సబ్బుతో కడుక్కోండి.