అప్‌గ్రేడ్ తర్వాత డాక్ డైరెక్టరీ ఖాళీ అయిపోతే (నా అనుభవం)

మా డెబియన్ (ఒక లినక్స్ సిస్టమ్) ప్యాకేజీ ఒకే సోర్స్ నుంచి లైబ్రరీ, టూల్స్ అని రెండుగా బిల్డ్ అవుతుంది. రెండింటికీ /యూఎస్‌ఆర్/షేర్/డాక్ కింద అవే కాపీరైట్, చేంజ్‌లాగ్ ఫైళ్లు. ఈ డూప్లికేట్లు ఎందుకని డీహెచ్_ఇన్‌స్టాల్‌డాక్స్‌కి (ప్యాకేజీలో డాక్యుమెంటేషన్ పెట్టే కమాండ్) లింక్-డాక్ ఆప్షన్ ఇచ్చి, టూల్స్ డాక్ డైరెక్టరీని లైబ్రరీ డాక్ డైరెక్టరీకి సిమ్‌లింక్ (వేరే చోటికి చూపించే లింక్) చేశాం. టూల్స్ ఎలాగూ లైబ్రరీపై డిపెండ్ అవుతుంది కాబట్టి డెబియన్ పాలసీ (ప్యాకేజీల నియమావళి) ఒప్పుకుంటుంది.

కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే అంతా బానే ఉంది. పాత వెర్షన్ నుంచి అప్‌గ్రేడ్ చేస్తే మాత్రం సిమ్‌లింక్ రాలేదు, డైరెక్టరీ ఖాళీ, కాపీరైట్ ఫైలే మాయం! ఉన్న డైరెక్టరీ స్థానంలో డీపీకేజీ (ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రామ్) తనంతట తాను సిమ్‌లింక్ పెట్టదు, అందులోని పాత ఫైళ్లను మాత్రం శుభ్రంగా తీసేస్తుంది.

పరిష్కారం ఒక్క లైనే. డెబియన్ ఫోల్డర్‌లో టూల్స్.మెయింట్‌స్క్రిప్ట్ ఫైల్ పెట్టి, డిర్_టు_సిమ్‌లింక్ అని రాసి, పక్కనే పాత పాత్, లింక్ టార్గెట్, వెర్షన్ (ఏ వెర్షన్ వరకు ఉన్నవాటి నుంచి అప్‌గ్రేడ్ చేస్తే ఈ మార్పు జరగాలో అది) ఇవ్వాలి. ఇన్‌స్టాల్‌కి ముందు, తర్వాత, తీసేశాక నడిచే స్క్రిప్ట్‌లైన ప్రీఇన్‌స్ట్, పోస్ట్‌ఇన్‌స్ట్, పోస్ట్‌ఆర్‌ఎమ్‌లలో రావాల్సిన కోడ్‌ని డెబ్‌హెల్పరే (ప్యాకేజీ బిల్డ్‌కి సాయపడే టూల్స్) చేరుస్తుంది. తిరకాసంతా వెర్షన్ దగ్గరే: 2.1-1 ఇప్పటికే ఈ బగ్‌తో బయటికి వెళ్లిపోయి ఉంటే, 2.1-2~ అని ఇవ్వాలి, లేకపోతే 2.1-1 వేసుకున్నవాళ్ల దగ్గర ఆ ఖాళీ డైరెక్టరీ అలాగే ఉండిపోతుంది. చివర్లో ఆ టిల్డే (~ గుర్తు) ఉంటే బ్యాక్‌పోర్ట్‌లకూ (పాత డెబియన్ రిలీజ్ కోసం మళ్లీ బిల్డ్ చేసిన ప్యాకేజీలు) ఇబ్బంది ఉండదు.

ఇంకోటి, ఆ డైరెక్టరీలో ఎవరైనా సొంత ఫైల్ పెట్టుకుని ఉంటే అప్‌గ్రేడ్ ఎర్రర్‌తో ఆగిపోతుంది. చిరాకే గానీ, చెప్పకుండా చెరిపేయడం కన్నా నయం. ఇలాంటివి పట్టుకోవాలంటే పీయూపార్ట్స్‌తో (ప్యాకేజీల ఇన్‌స్టాల్, అప్‌గ్రేడ్‌లను పరీక్షించే టూల్) అప్‌గ్రేడ్ టెస్ట్ కూడా నడపండి.